ఏడో నీళ్ళు

జుజునా గాజుపళ్ళేన్ని కిటికీ వెలుతురుకెత్తి ఒక కన్ను మూసింది. క్రిములు మీగడలా పళ్ళెమంతా కమ్ముకున్నాయి. ఎక్కడా చిల్లు పడలేదు. ఆరో చోట ముంచిన నీళ్ళూ దండగే.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఇదే. నదిలో, ఆసుపత్రుల కాలువల్లో నీళ్ళు తెచ్చి, రోగి పుండులోని క్రిమిని తినే ఫేజ్ అనే వైరస్ అందులో ఉందేమో వెదకడం. అది ఉంటే, క్రిముల్ని తిన్నచోటల్లా పళ్ళెంలో చిల్లు పడుతుంది. పొట్టి మనిషి. మందునీళ్ళకు పగిలిన వేళ్ళు. ఏ పరిశోధన పత్రం మీదా ఆమె పేరు ఉండదు.

ఈసారి పుండు ప్రిదోన్ అనే కుమ్మరిది. మనిషెత్తు సారాజాడీల చుట్టూ నడుస్తూ వరస మీద వరస మట్టి పేర్చేవాడు. ఏ మందుకూ లొంగని క్రిమి మడమ నుంచి పిక్కకెక్కింది.

"రేపు పొద్దుటికి దాన్ని తినేది దొరికితే వారం ఆగుతాను. లేదంటే కాలు తీసేయడమే," అని సర్జన్ తేల్చేశాడు.

"ఇంకెక్కడ ముంచుతాం పిన్నీ? ఈ తిబిలిసీ నగరం మురుగంతా తోడేశాం," అంది తెక్లా, నిరుడు చేరిన పరిశోధకురాలు.

"ఈ పుండు ముందు ఎక్కడ కడిగారే?"

"కొండకవతల, వాళ్ళ ఊరి ఆసుపత్రిలో. మూడు వారాలు ఉన్నాడట."

"ఎలుక అక్కడుంటే పిల్లిని ఇక్కడ వెదుకుతున్నామా! మన తెలివి తెల్లారినట్టే ఉంది."

సీసా, తాడు సంచిలో వేసుకుని వ్యానెక్కింది. కనుమ మలుపుల్లో రొమ్ము పట్టేసినట్టయింది. అరచేత్తో అదిమి, కళ్ళు రోడ్డుమీదే నిలిపింది.

ఆసుపత్రి వెనక కాపలా ముసలాడు నవ్వాడు. "జనం మా ఊరికి సారా కోసం వస్తారు. నువ్వు మురుగు కోసమా తల్లీ?"

"సారా నువ్వు మిగిల్చి చస్తే కదా! ఆ మురుగుకాలువ మూత పట్టు."

బోర్లా పడుకుని, తాడు రెండు మూరలు వదిలి, సీసా నిండిందాకా లేవలేదు.

పొద్దు వాలేసరికి తిరిగొచ్చింది. నీళ్ళు వడకట్టి, ప్రిదోన్ పుండులోని క్రిమితో కలిపి, పళ్ళెంలో పోసి, క్రిములు పెరిగే వెచ్చటి బీరువాలో పెట్టింది.

"ముఖం పాలిపోయింది పిన్నీ. డాక్టరు దగ్గరికి పోదాం పద."

"రేపు పోదాంలే. ఏడింటికి పళ్ళెం తీసి చూడు. నా కోసం ఆగకు."

పొద్దున ఏడింటికి తెక్లా పళ్ళెం ఎత్తింది. మీగడ నిండా నువ్వుగింజలంత చిల్లులు. లెక్క తేలడం లేదు. ముందు జుజునా ఇంటికే ఫోన్ చేసింది. ఎత్తింది పక్కింటామె. జుజునా రాత్రి నిద్రలోనే పోయిందని చెప్పింది.

తెక్లా గోడకానుకుంది. గడియారం చూసింది. ముఖం తుడుచుకుని సర్జన్‌కు ఫోన్ కలిపింది.

"కోయకండి. దొరికింది."

బల్ల కింద, పనిగదిలో జుజునా తొడుక్కునే ఉన్నిచెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎడమదానికి బొటనవేలి దగ్గర వేరే రంగు దారంతో వేసిన కుట్టు ఉంది.