సోమవారపు బల్ల

"నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావు కదా, మా ఆసుపత్రి చరిత్ర కాస్త రాసిపెట్టు," అన్నాడు మొగుడు మొక్రాన్.

నువారా అప్పుడు అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. బడిలో ఐదు తరగతులు చెప్పి వచ్చి, అత్తగారికి మందులిచ్చి, రాత్రికి కుస్కుస్ రవ్వ ఆవిరి మీద పెట్టింది. అది ఉడికేలోగా దొరికిన ఖాళీ ఈ ఇస్త్రీ. నాన్న పోయి ఇంకా నలభై రోజులు కాలేదు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు తల్లి జ్వరంతో పోతే, తల్లీ తండ్రీ తానే అయి పెంచాడని ఊరంతా మెచ్చుకున్న మనిషి.

మొక్రాన్ కొండ మీది పిచ్చాసుపత్రిలో పెద్ద గుమాస్తా. ఆసుపత్రి అరవై ఏళ్ళ పండుగకు పుస్తకం వేస్తున్నారు. అట్ట మీద డైరెక్టరు గారి పేరుంటుంది. "నీ పేరెందుకులే, మనం ఇంట్లోవాళ్ళమేగా," అని నవ్వాడు. "చదువుకున్న కోడలంటే ఇంటికో గుమాస్తా దొరికినట్టే," అని లోపలి నుంచి అత్తగారు.

అతను తెచ్చిచ్చిన కాగితాల్లో పునాదిరాయి ఎవరు వేశారో ఉంది, ఫ్రెంచివాళ్ళు వెళ్ళాక ఏ వార్డు ఎవరు కట్టించారో ఉంది. రోగులు మాత్రం ఒక్కరూ లేరు. అందుకని ఒకరోజు బడి అయ్యాక ఆమే కొండెక్కింది. చాకిరేవు గదిలో ముసలి తావూస్ దొరికింది. నలభై ఏళ్ళు అక్కడే పనిచేసింది. తాళంచెవులు ఇంకా ఆమె నడుముకే ఉన్నాయి.

"చరిత్రంటే దుప్పట్లు, టీచరమ్మా. రోజుకు మూడొందలు. ఉతికింది ఆడరోగులు. దానికి వైద్యమని పేరు పెట్టారు మహానుభావులు."

"నయమైనవాళ్ళు కూడానా?"

"నయమైనవాళ్ళే శుభ్రంగా ఉతికేవాళ్ళు మరి!"

ఆడమనిషిని ఆమె ఇంటి మగాడే వచ్చి, సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. సోమవారం సంత, పల్లెల నుంచి బస్సులొస్తాయి. నయమైన ఆడవాళ్ళు ఆ రోజు మూటల్లోంచి సొంత బట్టలు తీసి కట్టుకుని, గేటు బయట రాతిబల్ల మీద కూర్చునేవాళ్ళు. ఆఖరి బస్సు కూడా వెళ్ళిపోతే, లేచి లోపలికొచ్చి బట్టలు మడిచి మళ్ళీ మూట కట్టేవాళ్ళు.

నువారా కలం ఆగిపోయింది. చిన్నప్పుడు ఆమె బడికి వెళ్ళే దారి ఆ గేటు ముందు నుంచే. అక్కడి గాలి పీలిస్తే పిచ్చి అంటుకుంటుందని, గేటు నుంచి మలుపు దాకా పిల్లలంతా ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాళ్ళు. ఆమె నాన్న చెయ్యి పట్టుకుని నడిచేది. ఒకసారి ఆలివ్ రంగు గౌను వేసుకున్న ఒకామె బల్ల మీంచి సగం లేచింది. "అటు చూడకు," అన్నాడు నాన్న. "గాలి పీల్చకు."

తావూస్ మూటల గది తెరిచింది. ఎవరూ అడగని మూటలు చూరు దాకా ఉన్నాయి. గోడ పక్కన వాటి రిజిస్టరు. నువారా పేజీలు తిప్పింది. వర్దియా. అమ్మ పేరు. తెచ్చినవారి గడిలో నాన్న సంతకం. కారణం: రెండో బిడ్డ పురిట్లో పోయాక ఏడుపు ఆపడం లేదు. పదకొండు నెలల తర్వాత ఒక్క మాట: నయమైంది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు గడిచాక, మరణం. తీసుకెళ్ళినవారి గడి ఖాళీ. తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అప్పటికి తన పెళ్ళయి రెండేళ్ళు.

ఆ సాయంత్రం మొక్రాన్ ముందు పళ్ళెం పెట్టి అడిగింది. "మా అమ్మ సంగతి నీకు తెలుసా?"

అతను రొట్టె తుంచాడు. "పెళ్ళికి ముందే మీ నాన్న చెప్పాడు. అయినా చేసుకున్నాను. నువ్వు చూడాల్సింది అది."

"అప్పటికి ఆమె బతికే ఉంది. నువ్వు రోజూ ఆ గేటులోంచే వెళ్ళేవాడివి."

"ఒకట్రెండుసార్లు నీ గురించి అడిగింది కూడా. బాగుందని చెప్పాను." నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. "ఇప్పుడవన్నీ పుస్తకంలో పెట్టకు. ఏదీ, ఉప్పు ఇలా అందుకో."

ఉప్పు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె అందుకోలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి, పొయ్యి వెలిగించకుండానే కొండెక్కింది. మూట అడిగితే తావూస్ తల వంచుకుంది. "సంతకం కావాలి తల్లీ. తండ్రో, మొగుడో, అన్నదమ్ములో." తీసుకెళ్ళినవారి గడిలో ఆ మూడు మాటలే అచ్చయి ఉన్నాయి. నువారా వాటి కింద 'కూతురు' అని రాసి సంతకం పెట్టింది. తావూస్ మూట దించింది.

ఆలివ్ రంగు గౌను మడతలు చెదరలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాతిబల్ల మీద కూర్చుంది. నోటు పుస్తకం తెరిచి, అట్ట మీద తన పేరూ అమ్మ పేరూ రాసుకుని, చరిత్ర మొదలుపెట్టింది: "ఈ ఆసుపత్రిలో నయమైనవాళ్ళు సోమవారం నాడు ఈ బల్ల మీద కూర్చునేవాళ్ళు."

బడి వదిలారు. పిల్లలు బుగ్గలు పూరించి గేటు ముందు నుంచి పరుగెత్తుతున్నారు. ఆమె తరగతి పిల్ల ఒకతి టీచర్ని చూసి ఠక్కున ఆగిపోయింది. మొహం ఎర్రబడింది, కళ్ళు పెద్దవయ్యాయి. ఊపిరి మాత్రం వదల్లేదు.

"పీల్చుకోమ్మా," అంది నువారా, పక్కకు జరిగి చోటిస్తూ. "ఇక్కడ మా అమ్మ ఉండేది."