గీత కిందికి దిగే వేళ

మెషీన్లోంచి తడిబట్టలు తీసి బకెట్లో వేస్తుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినబడింది. "మా ఇల్లు తన పని తనే చూసుకుంటుందండీ. పీక్ టైం రాగానే ఏది ఆపాలో, ఏది ఉంచాలో దానికే తెలుసు. మనం వేలు కదపక్కర్లేదు." వచ్చిన స్నేహితుడు ఆహా అన్నాడు. గుమ్మం పక్కన గోడకున్న తెల్లపెట్టెనూ, దాని నీలం లైటునూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇలాగే చూపిస్తారు, అప్పుడే పుట్టిన కొడుకును చూపించినట్టు.

పొద్దున్న ఇదే మనిషి నాతో అన్న మాట వేరు. పెళ్ళికి ముందు నేను పనిచేసిన లైబ్రరీ వాళ్ళు మళ్ళీ పిలిచారు, సాయంత్రం షిఫ్టుకు. ఇవాళే చెప్పమన్నారు. "సాయంత్రాలు నువ్వు లేకపోతే ఇల్లెవరు చూస్తారు?" అన్నారీయన, ఫోన్లోంచి తలెత్తకుండానే. అత్తయ్య వంత పాడింది. "పుస్తకాలకేం తొందరమ్మా, అవెక్కడికీ పోవు." వాటికి తొందర లేదు నిజమే. నాకుంది.

పెట్టె వచ్చిన కొత్తలో నన్ను ఏడిపించింది. సాయంత్రం అందరూ ఒక్కసారే ఏసీలూ గీజర్లూ వేసుకుంటే ఊరికి కరెంటు చాలదట. అప్పుడు కరెంటాఫీసు నుంచి కబురొస్తే ఇంట్లో కొన్ని వస్తువుల్ని ఇది ఆపుతుందట. ఆపేది, కాదనను. సబ్బునురగలోనే బట్టలు నానుతూ ఉండిపోయేవి. అన్నం పలుకుగా ఉండిపోయేది. "కాస్త ముందు చూసుకోవద్దూ!" అని తిట్లు నాకు, మెప్పు పెట్టెకు. సరే, దీనికంటే నేనే ముందుంటే పోలా అనుకున్నాను. ఎండ ఉండగానే ఉతుకుడు, మధ్యాహ్నమే ఇస్త్రీ, అత్తయ్య స్నానం అవగానే గీజరు కట్టెయ్యడం, ఎవరూ లేని గదుల్లో లైట్లు తీసుకుంటూ తిరగడం. పెట్టెకు ఆపడానికేమీ మిగల్చకుండా చేశాను. ఇది కూడా ఒక పనేనని నాకే తట్టలేదు.

స్నేహితుడు అటు వెళ్ళాడో లేదో, కరెంటాఫీసు నుంచి ఇంజనీరమ్మాయి వచ్చింది. "మీటరు చూడాలండీ. సాయంత్రంపూట ఈ వీధిలో ఇంత తక్కువ వాడే ఇల్లు ఇంకోటి లేదు. మీటరు పాడైందేమోనని మా అనుమానం."

"పాడవడమేమిటమ్మా! అదంతా మా పెట్టె పనితనం" అన్నారు మా ఆయన, ఛాతీ ఉబ్బించి.

మీటరు బాగానే ఉంది. ఆ అమ్మాయి పెట్టె మూత తీసింది, చేతిలోని ట్యాబు చూసుకుంది, మళ్ళీ పెట్టె చూసింది. "మూడు నెలలుగా దీనికి నెట్టే లేదండీ. మేం పంపిన కబురు ఒక్కటీ అందలేదు."

"లైటు వెలుగుతోందిగా!"

"ప్లగ్గు పెట్టారు కాబట్టి వెలుగుతోంది."

అప్పుడు గుర్తొచ్చింది మాకు. పై అంతస్తువాళ్ళు మా వైఫై వాడేస్తున్నారని ఆయన పాస్‌వర్డు మార్చారు. టీవీకి కొత్తది ఇచ్చారు, ఫోన్లకిచ్చారు, పెట్టెను మరిచిపోయారు.

"మరి రోజూ ఆపుతున్నదెవరు?" అంది ఆ అమ్మాయి.

తడిచేతులు తువాలుకు తుడుచుకుంటూ ముందుకొచ్చాను. "నేనేనమ్మా."

ఆమె నన్ను నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ట్యాబు నా వైపు తిప్పింది. గంటగంటకూ వాడిన కరెంటును చూపే రెండు గీతలు. "ఇది మీ వీధండీ. ఇది మీ ఇల్లు." పొద్దు వాలేకొద్దీ వీధి గీత కొండలా పైకెక్కుతోంది. సరిగ్గా అక్కడే మా గీత కిందికి దిగి, ఆ కొండ కింద మెల్లగా సాగిపోతోంది. రోజు మార్చి చూపించింది. మళ్ళీ అంతే. ఇంకో రోజు, అదీ అంతే. అమ్మో! కడిగిన గిన్నె మళ్ళీ ఎంగిలవుతుంది, మడిచిన దుప్పటి మళ్ళీ నలుగుతుంది, ఇన్నేళ్ళ చాకిరీకి ఎక్కడా ఆనవాలంటూ మిగల్లేదు. ఇక్కడ మాత్రం మిగిలింది. నేను చూడకుండానే నా చేతులు ఆకాశమంత ఊరి కరెంటులో ఒక గీత గీశాయి. "ఇంత కిందికి కాకపోయినా, దిగే ఇళ్ళు ఇంకా ఉన్నాయండీ. వాళ్ళకు పెట్టెలే లేవు" అని ఆమె వేలితో ఒక్కొక్కటీ చూపిస్తుంటే, ఆ ఇళ్ళల్లో స్విచ్చుల దగ్గర నిలబడ్డదెవరో నాకు చెప్పకుండానే తెలిసింది. ఎంతమందిమి! కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"పాస్‌వర్డు ఇచ్చినా లాభం లేదు, ఈ రకం పెట్టెలు మేం మార్చేస్తున్నాం, కొత్తది పంపిస్తాం. అందాకా కబురు ఫోనుకు వస్తుంది. ఎవరి నెంబరు రాసుకోమంటారు?" అందామె.

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన నెంబరు చెప్పాను. ఆమె రాసుకుంటుండగానే లైబ్రరీకి ఫోన్ చేసి వస్తున్నానన్నాను. "ఇదెక్కడి చోద్యమే!" అంది అత్తయ్య. మా ఆయన మాత్రం పెట్టె వంకే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు సాయంత్రం పుస్తకాలు అరల్లో సర్దుతుంటే ఫోన్ మోగింది.

"కబురొచ్చిందే! గీజరు ఆపితే అమ్మ ఊరుకోదు, టీవీ ఆపితే అసలే ఊరుకోదు. ముందు దేన్ని ఆపాలి?" ఆయన గొంతులో నిజంగానే కంగారు.

"నేను రోజూ ముందు వంటింటి ఫ్యాను ఆపేదాన్నండీ, పొయ్యి దగ్గర నిలబడి ఉండగానే" అన్నాను.

ఇంకో పుస్తకం అరలో పెట్టాను.

"మీరు మీ ఏసీతో మొదలుపెట్టండి."