శరత్తు లేని బోర్డు

నా సొంత భోజనాల కొట్టు తెరిచిన రోజు! కెసెన్నుమా రేవులో పొద్దునే దిగిన సాన్మా చేపలు నిప్పుల మీద చిటపటలాడుతున్నాయి. అన్నం ఉడికింది. నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

మధ్యాహ్నమైనా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. ఈ చేప రేపటికి పనికిరాదు. మొదటిరోజే చేపలు పారబోస్తే ఈ వీధిలో నా పరువేం కాను?

ఇంతలో ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు బయట ఆగారు. ప్రాణం లేచొచ్చింది.

"అబ్బ, వాసన చంపేస్తోందే!"

"ఏం లాభం? బోర్డు చూడు. వసంతం, వేసవి, చలికాలం మాత్రమేనట. శరత్తులో మూసేస్తారు కాబోలు."

వెళ్లిపోయారు!

ఆ బోర్డు మా మామగారు తొకుజిరో కుంచె పట్టి రాసిచ్చినది: 春夏冬中.

"మామయ్యా, మీ బోర్డు జనాన్ని తరిమేస్తోంది!"

"అదెట్లా? మూడు ఋతువులు రాసి శరత్తు వదిలేశాను. శరత్తంటే అకి. అకి లేదు, అకి నాయ్! అకినాయ్ అంటే వ్యాపారం. చివరి అక్షరానికి 'నడుస్తోంది' అని. కలిపితే వ్యాపారం నడుస్తోందని అర్థం. మా రోజుల్లో చంటిపిల్లలు కూడా చదివేవాళ్లు!"

"ఆ చంటిపిల్లలకి ఇప్పుడు పళ్లూడిపోయాయి. తీసేస్తున్నా."

"తియ్యి. నన్ను కూడా తీసి అవతల పారెయ్యి." అలిగి గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

ఒళ్లు మండిపోయి చేపని ఇటు తిప్పాను. సాన్మా. ఆ పేరు ఎలా రాస్తాం? శరత్తు, కత్తి, చేప! మూడక్షరాలు. ఓరి నాయనో, శరత్తు నా పొయ్యి మీదే ఉంది!

అట్టముక్క మీద గబగబా రాసి బోర్డు కింద తగిలించాను: "秋刀魚. శరత్తు లోపల కాలుతోంది."

ఉత్తరాలు పంచే హిసానో ఆగి చదివింది. పైబోర్డు, కిందట్ట, మళ్లీ పైబోర్డు. పగలబడి నవ్వుతూ లోపలికొచ్చి, వీధిలో వాళ్లందర్నీ కేకేసింది. ఆ ఆఫీసు అమ్మాయిలు కూడా తిరిగొచ్చారు. గుమ్మం బయట వరస కట్టారు! సంతోషం పట్టలేక అన్నం గిన్నె బదులు టీ కప్పులో వడ్డించాను.

మామగారు మాత్రం పళ్లాలు మోస్తూ సణుగుతూనే ఉన్నారు. "అకి ఉందని రాసేశావు. ఇక అకినాయ్ ఎక్కడిది? నా బోర్డుని అబద్ధం చేశావు కదే అమ్మాయ్."

చివరి చేప కూడా వెళ్లిపోయాక గుమ్మంలోంచి ఎవరో అడిగారు. "సాన్మా ఉందా?"

మామగారు నా అట్టముక్క పీకేసి, వీధంతా వినపడేలా అరిచారు. "అకి నాయ్!"

కొట్టు కొట్టంతా ఘొల్లున నవ్వింది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని తన బోర్డు చూసుకున్నారు.

"చూశావా చిజురూ? నేను సరిగ్గానే రాశాను."