ప్రయాణాల పద్దు

ఆ ప్రకటనల ఆఫీసులో పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి కుర్చీలో కూర్చునేది పద్దులక్క. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆమె పని పద్దులు. రోడ్డు మీద బోర్డులు, పేపర్లో సగం పేజీలు, టీవీలో అరనిమిషం ముక్కలు, ఇలా ఆఫీసు చేసిన ప్రతి ప్రచారమూ ఏ కంపెనీదో, ఆ కంపెనీలో ఏ సరుకుదో తేల్చి, దాన్ని దాని పద్దులో రాయాలి. పద్దు సరిగ్గా ఉంటేనే బిల్లు సరిగ్గా వెళ్తుంది. సబ్బు ప్రచారం షాంపూ పద్దులో పడిందా, షాంపూ వ్యవహారం చూసేవాడు ఇంతెత్తున లేస్తాడు. సబ్బువాడు మాత్రం ఏమీ ఎరగనట్టు నోరు మూసుకుని కూర్చుంటాడు.

అయినా ఆ ఆఫీసులో తప్పులు తక్కువే. ప్రచారం ముగిసిన మర్నాడు అందులోని మనుషులు వచ్చి పద్దులక్క గది బయట బెంచీ మీద కూర్చునేవారు. సరైన పద్దులో రాయగానే లేచి మెట్లు దిగి వెళ్ళిపోయేవారు. తప్పు రాస్తే భోజనాల వేళకల్లా వెనక్కి వచ్చి, ముఖం ముడుచుకుని మళ్ళీ అక్కడే కూర్చునేవారు. ప్రకటనలో ఏ మాట ఉంటే ఆ మాటే మాట్లాడేవారు. మాట లేనివాళ్ళు ఊరికే నవ్వేవారు. వెళ్ళేటప్పుడు చేతిలో ఏముంటే అది పట్టుకుపోయేవారు. బూట్ల ప్రకటనలో పరిగెత్తేవాడికి ఓసారి క్యాషియరు కాస్త పట్టుకోమని గొడుగిచ్చి మర్చిపోయాడు. ఆ గొడుగు మళ్ళీ కనపడలేదు. క్యాషియరు తడుస్తూ ఇంటికెళ్ళాడే గానీ ఎవరినీ ఏమీ అనలేదు.

పద్దులక్క భర్త పోయి ఏడాది దాటింది. పని చేసే చోట కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడట, అంతే. ఆమె ఏడవలేదు. ఇవాళో రేపో ఏడుపొస్తుందని మొదట్లో చేతిరుమాలు దగ్గర పెట్టుకుని తిరిగింది. ఆ తర్వాత ఆ రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. టీ వేడిగా ఉందో చల్లారిందో నాలుక చెప్పేది కాదు. కాగితం అంచుకి వేలు తెగితే, బిల్లు మీద ఎర్రమరక చూసి తెలుసుకునేది.

ఇంట్లో ఆమె, అత్తగారు. మధ్యలో ఉన్న మనిషి పోయాక ఒకరికొకరు ఏమవుతారో ఇద్దరూ అడగలేదు. గ్యాసు అయిపోవచ్చింది, కుళాయి కారుతోంది, కింద వాటావాళ్ళు తలుపు గట్టిగా వేస్తున్నారు. వాళ్ళ మాటలన్నీ అంతవరకే.

ఓ రోజు వేరే ఊళ్ళో ఉండే ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, అమ్మని నేను తీసుకెళ్ళిపోతాను. అన్నయ్యే లేనప్పుడు నీకెందుకీ బరువు? నీ బతుకు నువ్వు చూసుకోవాలిగా. గది కూడా ఖాళీ చేయించాను. వచ్చే శుక్రవారం సాయంత్రం కారేసుకుని వస్తా."

"సరే," అంది పద్దులక్క.

అత్తగారికి చెబితే ఆవిడ కూడా చేతిలో పని ఆపకుండానే "సరే" అంది. అక్కడితో ఆ సంగతి అయిపోయినట్టే కనపడింది.

ఆ వారమే ఆఫీసు వరండాలో నేల పగలగొట్టి కొత్త బండలు పరుస్తామన్నారు. బెంచీ తియ్యాలి. బెంచీ మీద మనుషులున్నారు. మేనేజరు అందరినీ పిలిచి, "తలా ఒకరిని ఇంటికి తీసుకెళ్ళండి, నాలుగు రోజులు సర్దుకోండి," అన్నాడు. క్యాషియరు టూత్‌పేస్టు మనిషిని తీసుకెళ్ళి, మర్నాడు ఎర్రకళ్ళతో వచ్చాడు. వాడు నిద్రలో కూడా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడట, పిల్లలు జడుసుకుని పక్కలు మార్చుకున్నారట. చివరికి బెంచీ మీద పెట్టె పట్టుకున్నావిడ ఒక్కతే మిగిలింది.

ఆవిడ పద్దు తేలకుండా చాలా రోజులుగా నలుగుతోంది. ఆ ప్రకటన ఇద్దరు అన్నదమ్ములది. అన్నకి పెట్టెల కంపెనీ, తమ్ముడికి ప్రయాణాల కంపెనీ. ప్రకటనలో ఆవిడ స్టేషన్లో పెట్టె పట్టుకుని నిలబడి, దూరంగా చూసి నవ్వుతుంది. "ఎక్కడికో వెళ్తోంది కదా, తమ్ముడిదే," అంటాడు అన్న. "చేతిలో ఉన్నదేమిటి మరి? అన్నయ్యదే," అంటాడు తమ్ముడు. పద్దులక్క ఇద్దరికీ ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయింది. విసిగిపోయిందని కూడా క్యాషియరు చెబితేనే తెలిసింది ఆమెకి.

"రండి," అని ఆవిడని ఇంటికి తీసుకొచ్చింది.

"ఎవరే అమ్మాయ్?" అంది అత్తగారు తలుపు తీసి.

"ఆఫీసు మనిషి అత్తయ్యా. పద్దు తేలలేదు."

"అలాగా. రామ్మా, ఆ తలుపు కాస్త వేసిరా, గాలి కొడుతోంది."

పెట్టె ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, ఎదురింటి గోడకేసి చూస్తూ నవ్వింది. గోడ అవతల ఏదో మంచి ఊరున్నట్టే చూసేది. అత్తగారు ఆవిడ ముందో కుర్చీ వేసుకుంది. ఏడాదిగా గ్యాసు, కుళాయి తప్ప మాట్లాడని మనిషి, మాట రాని ఆవిడ ముందు కూర్చుని పొద్దస్తమానం మాట్లాడడం మొదలుపెట్టింది.

రెండో రోజు పద్దులక్క ఆఫీసు నుంచి వచ్చి మెట్ల మీద తాళంచెవి కోసం సంచిలో వెతుక్కుంటుంటే, లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది.

"నాకు వెళ్ళాలని లేదమ్మా. ఈ పిల్ల కూరలో ఉప్పు వేసిందో లేదో కూడా దానికే తెలీదు. నేను చూసి చెప్పాలి. కానీ ఉంటానని ఏ ముఖం పెట్టుకుని అడగను? మొగుడే లేడు, మొగుడి తల్లితో దానికేం పని? పొమ్మని అనలేక ఊరుకుంటోందేమో."

పద్దులక్క తాళంచెవి దొరికినా చాలాసేపు తలుపు తియ్యలేదు. ఉండమని చెప్పాలనుకుంది. అన్నం తినేటప్పుడు నోరు తెరిచింది కూడా.

"కుళాయివాడు రేపొస్తానన్నాడు," అంది.

"మంచిది," అంది అత్తగారు.

గురువారం అత్తగారు సర్దుకోవడానికి కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒక్క పెట్టెకీ జిప్పు పాడైంది. ఏ సంచిలో ఏది పడుతుందో చూస్తుంటే, పెట్టె ఆవిడ తన పెట్టె మంచం మీద పెట్టి తెరిచింది. ప్రకటనల పెట్టె కదా, లోపల ఏమీ లేదు.

"ఇందులో సర్దుకోమంటావా? నీకు అవసరం లేదూ?"

ఆవిడ నవ్వింది. అత్తగారు బట్టలన్నీ అందులో పెట్టుకుంది. శాలువా, చలికోట్లు, మందుల డబ్బా కూడా పెట్టి, మళ్ళీ ఆలోచించి మందుల డబ్బా బయటికి తీసింది. "కారెక్కేదాకా నువ్వే పట్టుకో తల్లీ, నాకు నడుం పట్టేస్తోంది," అని పెట్టె మూసి ఆవిడ చేతికిచ్చింది. అన్నదమ్ముల గొడవ ఇప్పట్లో తేలదనే అందరూ అనుకున్నారు.

కానీ శుక్రవారం భోజనాలకి ముందే తేలిపోయింది. మేనేజరు నవ్వుకుంటూ వచ్చాడు.

"వాళ్ళమ్మగారు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెవులు మెలేసినంత పని చేసిందట. తమ్ముడు ఒప్పుకున్నాడు. ప్రయాణాల పద్దులో రాసెయ్యండక్కా."

"ఇప్పుడా?"

"తొందరేం లేదు. సోమవారం రాసినా సరిపోతుంది. బిల్లులు నెలాఖరుకి కదా."

ఆయన వెళ్ళిపోయాడు. పద్దులక్క ఫోన్ తీసి ఇంటికి కలిపింది. పెట్టెలోంచి బట్టలు తీసి పెట్టుకోండి అని చెప్పాలి. అంత చిన్న మాటే.

"హలో?" అంది అత్తగారు.

వెనకాల కుళాయివాడు ఏదో కొడుతున్న చప్పుడు.

"ఏం లేదత్తయ్యా. భోంచేశారా?"

"చేశాను. నువ్వో?"

"చేస్తాను."

ఫోన్ పెట్టేసింది. గది బయట కొత్త బండల మీద తడిగుడ్డ వేస్తున్నారు. పద్దులక్క కాసేపు అటు చూసింది. మామూలుగా సబ్బునీ షాంపూనీ రాసినట్టే, పెట్టె ఆవిడని ప్రయాణాల పద్దులో రాసింది. రాసి, సాయంత్రం దాకా ఇంకా చాలా పనులు చేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది.

"వెళ్ళిపోయిందే అమ్మాయ్. ఇలా లేచింది, అలా మెట్లు దిగిపోయింది. పెట్టె కూడా పట్టుకుపోయింది. నేను పిలుస్తూనే ఉన్నాను."

పద్దులక్క సంచి బల్ల మీద పెట్టింది.

"నువ్వు రాశావా?"

"రాశాను."

"ఇవాళే రాయాల్సొచ్చిందా?"

"లేదత్తయ్యా. సోమవారం రాసినా సరిపోయేది."

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత, ఏదో వెతుకుతున్నట్టు చూసింది. కిందింటివాళ్ళు తలుపు గట్టిగా వేశారు.

"వాడి నీలం చొక్కా కూడా అందులోనే పెట్టాను," అంది అత్తగారు మెల్లిగా. "ఉతకనిది ఒకటి దాచుకున్నాను. నీకు చెప్పలేదు."

పద్దులక్క ఎదురు కుర్చీలో కూలబడింది. ఆ చొక్కా కోసం ఆమె అలమారంతా వెతికింది. దొరక్కపోతే, అదీ పోయిందిలే అనుకుని ఊరుకుంది. ఇప్పుడు నిజంగానే పోయింది, తన చేతి మీదుగానే పోయింది.

"నాకు తెలీదత్తయ్యా."

"నీకెలా తెలుస్తుంది?" అత్తగారు వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇంతకీ ఏ పద్దులో రాశావు?"

"ప్రయాణాల్లో."

"అయితే ఊళ్ళు తిరుగుతుందన్నమాట." ఆవిడ కిటికీలోంచి ఎదురింటి గోడకేసి చూసింది. "పోనీలే. వాడికి తిరగడమంటే ఇష్టం. మనమే ఎక్కడికీ కదలనివ్వలేదు."

ఆడపడుచు చీకటి పడకముందే వచ్చింది. సంగతంతా విని, "బట్టలదేముందమ్మా, దారిలో కొనేద్దాం. పద," అంది.

"కొనుక్కోడానికి రేపు మేం వెళ్తున్నాం. నేనూ, మీ వదినా."

"రేపా? మరి నేనింత దూరం..."

"నువ్వు టీ తాగి వెళ్ళు. మళ్ళీ పిల్లల్ని తీసుకుని రా. నేనిక్కడే ఉంటాను."

ఆడపడుచు వదిన వైపు చూసింది. "నీకు ఇష్టమేనా వదినా? మొహమాటానికి కాదుగా?"

"ఉండమను," అంది పద్దులక్క. అత్తగారి మందుల డబ్బా తీసి అలమారలో పెట్టింది.

ఆడపడుచు గిన్నెలు కడిగే చోట నిలబడి కాసేపు ముక్కు తుడుచుకుంది. "గదికి రంగు కూడా వేయించాను," అంది ఎవరికీ కాకుండా. తర్వాత టీ తానే పెట్టి, ముగ్గురికీ పోసి, తాగి వెళ్ళింది.

మర్నాడు అత్తాకోడళ్ళు బట్టల కొట్టుకి వెళ్ళారు. అత్తగారు కనపడ్డ ప్రతి చలికోటూ తొడిగి చూసి, ఒకటి భుజాల దగ్గర బిగుతంది, ఇంకొకటి వెలిసిన రంగంది. కొట్టువాడికి చెమటలు పట్టించింది. పద్దులక్క చేతుల నిండా బట్టలు పట్టుకుని వెనకాలే నడిచింది. బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వీధి చివర ఎవరో రొట్టెలు కాలుస్తున్నారు. పద్దులక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమైందే?"

"అత్తయ్యా," అంది ఆమె, అది తన మాటేనా అన్నట్టు కాస్త ఆశ్చర్యపోతూ, "నాకు బాగా ఆకలేస్తోంది."