చిల్లుకాణీ

ముప్పై ఏడు మంది రైతులు షాలేం రాజు మొహం మీదే కుదరదన్నారు. ముప్పై ఎనిమిదో ఆయన హోవర్డ్ గ్రిగ్స్‌బీ మాత్రం, సరే, వచ్చి వెతుక్కో అన్నాడు.

హెర్న్‌డన్‌లో వారానికి ఐదు రోజులు డేటాబేస్‌లకి కాపలా కాసే మనిషి, శనివారం తెల్లారేసరికి మెటల్ డిటెక్టర్ కారులో వేసుకుని, గంటన్నర డ్రైవ్ చేసి, ఎవరి పొలంలోనో పాత గుండీల కోసం తిరుగుతాడంటే నరసాపురంలో అతని వాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నమ్మితే లంకెబిందెలు ఏమైనా దొరికాయా అని అడుగుతారు. రెండేళ్ళలో అతనికి దొరికినవి సీసం తూటాలు, సివిల్ వార్ నాటి సిపాయిల కోటు గుండీలు, విరిగిన గుర్రపు నాడాలు. సోడా మూతలైతే లెక్కలేనన్ని. అయినా అదొక పిచ్చి. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని నేల కూసే కూత వింటూ నడుస్తుంటే అతనికి ఆఫీసూ గుర్తుండదు, గ్రీన్ కార్డూ గుర్తుండదు.

గ్రిగ్స్‌బీకి ఎనభై దగ్గర పడ్డాయి. ఒంటరి మనిషి. పొలం నాలుగు తరాలుగా వాళ్ళదే. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. నేలలోంచి ఏది తీసినా ముందు తనకి చూపించాలి. షాలేం రాజు ఆ మాటని బైబిలు మీద ప్రమాణం చేసినట్టు పాటించాడు. మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చి, వరండా రాతిమెట్ల అంచుకి బూట్ల బురద గీకి, దొరికినవన్నీ మెట్టు మీద వరసగా పేర్చేవాడు. పెద్దాయన జాలీ తలుపు తెరిచి, అది గాలికి కొట్టుకోకుండా చిన్న గుమ్మడికాయంత రాయి అడ్డం పెట్టి, పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసేవాడు.

2009 అక్టోబరులో ఒక శనివారం షాలేం రాజు ఆ మాట తప్పాడు. ఇంటి వెనక వాలు మీద చిన్న చెట్ల గుంపు ఉంది. ఆ వాలంతా ద్రాక్షతోట వేసేవాళ్ళకి కౌలుకిచ్చాననీ, సోమవారం బుల్డోజర్ వస్తుందనీ, ఈలోగా చూసుకోమనీ గ్రిగ్స్‌బీయే చెప్పాడు. అక్కడ గ్రౌండ్‌హాగ్ అనే ఇక్కడి పందికొక్కు ఒకటి బొరియ చేసి బుట్టెడు మట్టి బయట పోసింది. డిటెక్టర్ ఆ మట్టి మీదే కూసింది. వేళ్ళతో కెలికితే తుప్పు పట్టిన మేకులు నాలుగు, ఒక ఎముక గుండీ, చిటికెన వేలి గోరంత వెండి నాణెం బయటపడ్డాయి. నాణెం మీద 1853 అని ఉంది. ఇన్నాళ్ళకి మంచిదే దొరికిందనుకున్నాడు. తీరా తుడిచి చూస్తే పైన చిల్లు. నాణేలు సేకరించేవాళ్ళెవరూ చిల్లున్నదాన్ని ముట్టుకోరు.

ఈ చిల్లుకాణీని పెద్దాయనకి ఏం చూపిస్తాంలే అనుకున్నాడు. పైగా వాన మొదలైంది. మేకుల్ని అక్కడే పడేసి, నాణెం జేబులో వేసుకుని కారెక్కేశాడు.

సాయంత్రం బట్టలు ఉతకడానికి వేయబోతూ అతని భార్య దేవకుమారి జేబులు తడిమింది. భర్త తెచ్చే తుప్పుని ఆమె ఏనాడూ తల తిప్పి చూసింది లేదు. ఈసారి మాత్రం నాణేన్ని వంటింటి దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి, ఎక్కడ దొరికిందని అడిగింది. అతను బొరియ సంగతీ, మేకుల సంగతీ చెప్పాడు.

దేవకుమారి అమ్మమ్మ శేషమ్మ బాప్తిస్మం తీసుకున్న మనిషి, ఆదివారం గుడి మానేది కాదు. పాస్టరుగారు తాళ్ళూ తాయెత్తులూ కూడదని ఎంత మొత్తుకున్నా, మనవలందరికీ నల్ల మొలతాడుకి చిల్లు పైసా గుచ్చి కట్టింది. దేవుడు కాస్తాడు నిజమేగానీ, దిష్టి పెట్టేవాళ్ళు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నారు కదా అనేది. పాస్టరుగారు నిలదీస్తే, పిల్లల లాగులు జారకుండా కట్టానని బొంకింది.

"చిల్లు పైన అంచు చూడండి" అంది దేవకుమారి. "తాడు రాసి రాసి అరిగిపోయింది. ఇది చంటిపిల్లలకి కట్టిందండీ."

ఆడుకుంటూ ఎవరో పారేసుకుని ఉంటారులే అన్నాడు షాలేం రాజు.

"పారేసుకుంటే పక్కన మేకులెందుకుంటాయి? పెట్టె మేకులై ఉంటాయి. కట్టింది విప్పకుండా అలాగే మట్టిలో పెట్టేశారు."

ఆమె నాణేన్ని శుభ్రమైన జేబురుమాలులో చుట్టి బల్ల మీద పెట్టింది.

అతనికి ఆ పూట అన్నం సయించలేదు. చెప్తే కౌలు ఆగిపోతుంది. సమాధులున్న చోట ఎవరూ యంత్రం దింపరు. దాచిన సంగతీ బయటపడుతుంది. ఎనభై ఏళ్ళ మనిషి మాట తప్పినవాణ్ణి మళ్ళీ పొలంలో అడుగు పెట్టనివ్వడు. చెప్పకపోతే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండాలి, ఎల్లుండి బుల్డోజర్ తన పని తాను చేసుకుపోతుంది. ముప్పై తొమ్మిదో రైతు తలుపు తట్టడం తలుచుకుంటేనే నీరసం వచ్చింది. సిగ్గు అంతకన్నా ఎక్కువగా వచ్చింది.

ఆదివారం అతను తెలుగు చర్చి మానేసి కారు తీశాడు. వెళ్ళేసరికి గ్రిగ్స్‌బీ తలుపుకి రాయి అడ్డం పెట్టుకుని మెట్ల మీద కాఫీ తాగుతున్నాడు. షాలేం రాజు ఎదురుగా రెండో మెట్టు మీద నిలబడి, జేబురుమాలు విప్పి, జరిగిందంతా చెప్పాడు. శేషమ్మ సంగతి కూడా చెప్పాడు.

పెద్దాయన నాణేన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిన్ననే ఎందుకు చూపించలేదని అడిగాడు. పనికిరాదనుకున్నానన్నాడు షాలేం రాజు.

తన ముత్తాతకి ఈ పొలంలో బానిసలుండేవాళ్ళని అప్పుడు చెప్పాడు గ్రిగ్స్‌బీ. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఆ చెట్ల మధ్య తాత నాగలి పెట్టనిచ్చేవాడు కాదు. ఎందుకో చెప్పలేదు, తామూ అడగలేదు.

"అక్కడ రాళ్ళుండేవి" అన్నాడు. "పేర్లు లేవు, అక్షరాలు లేవు. ఉత్త రాళ్ళే అనుకున్నాను. అరవై రెండులో ఈ మెట్లు కట్టడానికి నేనే ట్రాక్టర్‌లో తెచ్చాను."

షాలేం రాజు కిందికి చూశాడు. రెండేళ్ళుగా బూట్లు గీకిన అంచు, ఇప్పుడు కాలు మోపిన రాయి. మెల్లగా నేల మీదికి దిగాడు.

"ఎన్ని రాళ్ళు?" అని అడిగాడు.

"పద్దెనిమిది. మెట్లకి పదిహేడు పట్టాయి." పెద్దాయన తల తలుపు వైపు తిరిగింది. "ఒకటి మరీ చిన్నది. మెట్టుకి పనికి రాలేదు."

కాఫీ కప్పు పక్కన పెట్టి, నాణెం షాలేం రాజుకిచ్చి, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచాడు. వంగి, తలుపు దగ్గర రాయిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. షాలేం రాజు సాయం పట్టబోతే వద్దన్నాడు. రావద్దని బుల్డోజర్ వాళ్ళకి తిరిగొచ్చాక ఫోన్ చేస్తానని, ఆ బొరియ ఎక్కడుందో చూపించమన్నాడు. ఇక మీదట నన్ను రానిస్తారా అని అడగాలని షాలేం రాజు దారంతా అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అడగబుద్ధి కాలేదు.

ఇద్దరూ వాలు ఎక్కుతుంటే వెనక జాలీ తలుపు గాలికి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ వెనక్కి తిరగలేదు.