పులుసులో తేలని నిజం

నేను ఒక ఫ్రీజర్‌ని. ఈ మాట ఇంత సాదాగా చెప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పుట్టిన షెడ్డులోనే నా వీపుకి అయస్కాంతాలు బిగించి, వాటిని నడపడానికి పక్కన ఓ మీట పెట్టి, చేపలో కణమైనా చెదరకుండా గడ్డకట్టించే యంత్రమని గొప్పలు చెప్పారు. కణం చెదిరిందో లేదో నాకెప్పుడూ తెలియలేదు. చెప్పినవాళ్లకు తెలుసు కాబోలనుకున్నాను.

కంపెనీ మనిషి ఫణీంద్ర నన్ను ధవళేశ్వరంలో వీరవేణి మెస్సుకు తెచ్చాడు. గోదావరికి వరదొచ్చే రోజుల్లో పులస పులుసు కోసం జనం వెతుక్కుంటూ వచ్చేది ఆవిడ దగ్గరికే. నన్ను ఊరికే ఇస్తాడట. బదులుగా ఆవిడ ఫొటో పక్కన ‘ఎన్నాళ్లున్నా తాజా రుచే’ అని ఆవిడ మాటగా ప్రకటనల్లో అచ్చు వేసుకుంటాడట.

నాలో దాచిన చేపను ఫణీంద్ర దగ్గరుండి పులుసు పెట్టించాడు. మర్నాడు తిన్నవాళ్లంతా లొట్టలేశారు. నేను పొంగిపోయాను. వీరవేణి మాత్రం నావైపు దొంగను చూసినట్టు చూసింది.

"చింతపండు పోసి, బెండకాయలేసి, రాత్రంతా ఊరబెట్టాక ఏ చేపైనా బానే ఉంటదండి. ఇందులో మీ అయస్కాంతం గొప్పేంటి?"

"ఇది సైన్సమ్మా. పెద్ద పెద్ద హోటళ్లవాళ్లే వాడుతున్నారు."

"వాడనివ్వండి. ఆ మీట ఆపేసి ఎవరైనా చూశారా?"

అతను నవ్వేశాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకుంది.

ఒకే చేప ముక్కలు కొన్ని మీట వేసి, కొన్ని మీట ఆపి నాలో గడ్డకట్టించింది వీరవేణి. నెల పోయాక ఉప్పూ పసుపూ తప్ప ఏమీ వెయ్యకుండా ఉడికించింది. రెండూ తింటే తేడా తెలియలేదు; మొదట తన నాలుకనే అనుమానించింది. ఫణీంద్రను పిలిచి, ఏది ఏదో చెప్పకుండా రెండు పళ్లేల్లో పెట్టింది.

"ఇదిగో, ఇదమ్మా అయస్కాంతం మహిమ!" అన్నాడతను మొదటి పళ్లెం చూపించి.

"అది మీట ఆపిందండి."

"అయితే రెండోది ఇంకా బాగుంది" అన్నాడు తడుముకోకుండా.

"చలికి లోటు లేదండి. అయస్కాంతం మాట మాత్రం నా నోట రాదు. మామూలు ఫ్రీజర్ ధరకైతే ఉంచండి, లేదంటే పట్టుకుపోండి."

ఫణీంద్ర మొహం మాడ్చుకుని ఆ ధరకే నన్ను అక్కడ ఉంచాడు.

ఎండాకాలంలో ఓ పెద్దమనిషి కారు దిగి, పులస తాజాదేనా అని అడిగాడు.

"కాదండి, ఫ్రీజర్‌లోది. తాజాదైతే వానలదాకా ఆగాలి."

ఆయన ఎదురు మెస్సుకు వెళ్లిపోయాడు. అక్కడ ‘నిత్యం తాజా పులస’ అని బోర్డు, లోపల నా తోబుట్టువు. వీరవేణి ఆయన్ని వెనక్కి పిలవలేదు. నాకు బాధేసింది. సిగ్గు మాత్రం వెయ్యలేదు.