హిందీ సినిమాలో నాయన గొంతు

ఆదివారం మధ్యాహ్నం రసూల్‌కి జావ పట్టి, మూతి తుడిచి, వీపు వెనక రెండు దిండ్లు పెట్టి టీవీ వైపు తిప్పి కూర్చోబెట్టడం అతని భార్య నజీరాకి అలవాటైపోయింది. పక్షవాతంతో ఆయనకి మాట పడిపోయింది. కళ్ళు తప్ప ఏదీ చెప్పినట్టు వినదు. చిలకలూరిపేటలో సగం ఊరికి పరుపులు కుట్టిన మనిషి, తను కుట్టిన పరుపు మీదే కదల్లేకుండా పడున్నాడు.

పోయిన ఆ గొంతు హిందీ సినిమాల్లో దొరికింది. కుటుంబాల కథ ఏది పెట్టినా, అందులో తండ్రి మాత్రం రసూల్ గొంతుతో, పేట తెలుగులో మాట్లాడేవాడు. మిగతావాళ్ళంతా హిందీలోనే. తెలుగు సినిమాలు కూడా పెట్టి చూశారు గానీ లాభం లేకపోయింది. పక్కింటి దేవకుమారి గుమ్మంలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ వినేది. గొంతు కాస్త బొంగురుగా వస్తే, అన్నకి జలుబు చేసినట్టుందని కషాయం కాచి తెచ్చేది.

మాటలు మాత్రం సినిమావే. అందుకే నజీరా సీడీల షాపులో, ఇందులో తండ్రి మంచివాడేనా అని అడిగి మరీ తెచ్చుకునేది. తెర మీది పెద్దాయన భార్యని "తిన్నావా?" అంటే, ఇక్కడ ఈమె తిన్నానని చెప్పేది.

ఒక ఆదివారం కొడుకు బాషా కూడా ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి దూది ఏకే మిషనుని అతను అంతకు కొద్దిరోజుల ముందే అమ్మేశాడు. మందులకి తప్పలేదు. పరుపులు కుట్టించుకునేవాళ్ళూ తగ్గిపోయారు. ఆ సంగతి తండ్రికి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. సరే అనలేడు, వద్దనలేడు, చెప్పి ఏం లాభమని తల్లి దగ్గర బాధపడ్డాడు.

సీడీ కొత్తది. చివరికి అందరూ కలుస్తారని షాపతను చెప్పాడు. సగం నడిచాక, సినిమాలో కొడుకు తండ్రికి తెలియకుండా మిల్లు అమ్మేశాడు. తండ్రి మెట్లు దిగొచ్చాడు.

"నా కష్టం అమ్ముకున్నావు. మళ్ళీ ఈ గడప తొక్కొద్దు. నా చితికి నిప్పు పెట్టడానిక్కూడా రావొద్దు," అన్నాడు, రసూల్ గొంతుతో.

అంతలో కరెంటు పోయింది.

బాషా మంచం వైపు తిరిగాడు. రసూల్ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నోట్లోంచి మూలుగు తప్ప ఏమీ రాలేదు. అది కాదనడమేనని నజీరాకి తెలుసు. తెలిసి ఏం చెయ్యగలదు?

"మనకి చితేంట్రా, మట్టేగా? అవి మీ నాయన మాటలు కావు."

"మాటలు కావులే. గొంతెవరిదమ్మా?"

తండ్రి కాళ్ళ మీద దుప్పటి సర్ది, రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని బాషా వెళ్ళిపోయాడు. నజీరా బస్టాండు దాకా వెంటపడింది గానీ, బస్సు కదిలిపోయింది.

పొద్దు వాలాక కరెంటు వచ్చింది. నజీరా సినిమాని ఆగిన చోటి నుంచి వేసింది. తెర మీద తండ్రి వీధిలోకి పరుగెత్తాడు. "తప్పు నాదిరా. ఇంటికి రా నాయనా," అని రసూల్ గొంతు పిలిచింది. నజీరా సౌండు ఆఖరుదాకా పెంచి, ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేసింది. వీధిలో నలుగురూ విన్నారు. వినాల్సినవాడు లేడు.

బాషా మార్టూరులో రాయి పాలిషు పట్టే పనిలో చేరాడని తెలిసి, నజీరా సీడీ తీసుకుని బస్సెక్కింది. అక్కడ వాడితో గదిలో ఉండే మరియదాసు తన టీవీలో పెట్టాడు. ఆ పెద్దాయన అలాగే పరుగెత్తాడు, అలాగే ఏడ్చాడు. కానీ హిందీలో, ఎవరిదో గొంతుతో. బాషా చివరిదాకా తల వంచుకుని విన్నాడు.

"మనింటికొచ్చి విను. అక్కడైతే మీ నాయనే పిలుస్తాడు," అంది నజీరా.

"లోపలికి రావాలంటే గడప తొక్కాలి కదమ్మా," అన్నాడు.

తల్లికి టీ తాగించి, బస్సులో కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాడు.

ఆమె ఇల్లు చేరేసరికి రసూల్ మేలుకునే ఉన్నాడు. ఆయన కళ్ళు ఆమెని దాటి, వెనక గుమ్మం మీదికి వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి.